పందెపు బండికి నూనెతొట్టి



మోటారుబండిని గూర్చి ప్రసంగమనగానే, ఇది పట్నవాసపు పడుచువాండ్రకు గాని మాకేల యని పల్లెలలోని పెద్దలు తలంపవచ్చును. కాని నేడు ట్రాక్టరు లేని ఊరు అరుదు. కారున్న గృహములును పెక్కు గ్రామములందు గలవు. కారు కొన్న కుమారుడో, మనుమడో మీ యెదుట నిలిచి, “దీని ఇంజను క్రింది నూనెతొట్టిని మార్పించెదను. ఆ మీదట ఇది పందెపు బండివలె పరుగెత్తును. కొంత సొమ్ము కావలెను” అని అడిగిన దినమున, ఈయవలయునా, వలదా యని తీర్పు చెప్పవలసినవారు మీరే. ఆ తీర్పునకు వలసిన సంగతులను నేడు మనవి చేసెదను.

ఇంజను అడుగుభాగమున మరలతో బిగించిన లోహపు తొట్టి యొకటి యుండును. దీనిని పుస్తకములలో ఆయిల్ సంపు అనియు, మన మెకానిక్కులు చాంబరు అనియు అందురు. సామాన్యమైన నాలుగు సిలిండర్ల కారులో ఇందు సుమారు 4 లీటర్ల నూనె పట్టును. తొట్టి అడుగుదాక దిగిన గొట్టముగుండ ఒక పంపు ఆ నూనెను పీల్చి, వడపోసి, సన్నని దారులగుండ క్రాంకుషాఫ్టు బేరింగులకును, కనెక్టింగు రాడ్లకును, పైనున్న వాల్వుల పనిముట్లకును పంపుచుండును. పని తీరిన నూనె తనంత తానే జారి మరల తొట్టిలో పడును. మోటతో తోడిన నీరు మడిని తడిపి, తిరిగి ఆ బావిలోనికే ఇంకుచున్నచో ఎట్లుండునో, ఇదియు అట్టిదే. ఇంజను తిరుగుచున్నంతసేపు ఈ ప్రదక్షిణము ఆగరాదు.

ఎందుకు ఆగరాదు? బండి ఇరుసునకు కందెన పెట్టుట మన తాతలనాటి నుండి ఎరిగినదే. కందెన లేని ఇరుసు కీచుమని అరచును, వేడెక్కును, అరుగును. అయినను ఎద్దులబండి మెల్లగా నడచును గనుక ఎట్లో ఇల్లు చేరవచ్చును. ఇంజను సంగతి వేరు. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు ఇంజనులో క్రాంకుషాఫ్టు సెకనునకు 100 మారులు తిరుగును. అచ్చట లోహము లోహమును తాకరాదు. రెంటి నడుమ తలవెండ్రుక కంటె ఎంతో పలుచనైన నూనెపొర యొకటి నిలిచి, బరువునంతటిని మోయుచుండును.

ఇంత పలుచని పొర అంత బరువును మోయునా యని సందేహము కలుగవచ్చును. 1883లో ఇంగ్లండు దేశమున బోషాంప్ టవరు అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచుండెను. నూనె పోయుటకై బేరింగు నడినెత్తిన ఆయన ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోనికి దిగుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి పొంగెను. కార్కు బిరడా పెట్టిన, అదియు బయటకు నెట్టబడెను. కొయ్యబిరడా పెట్టిన, దానికిని ఆ గతియే పట్టెను. తిరుగు ఇరుసు నూనెను తనతో లాగికొనిపోయి, ఇరుకుచోట దానియందు గొప్ప ఒత్తిడిని పుట్టించుచున్నదని దీనివలన బయటపడెను. 1886లో ఆస్బరన్ రేనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితము కట్టి కారణము చూపెను. కనుక నూనెపొరయే అసలైన బేరింగు. ఆ పొరకు ఎడతెగక నూనె అందించుటయే పంపు చేయు పని. పంపునకు నూనె అందకున్న, గొట్టము గాలిని పీల్చును. గాలి బరువు మోయదు. కొన్ని క్షణములలో బేరింగు కాగి, అరిగి, పట్టివేయును. ఒక్కొక్కప్పుడు కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను గోడనే పగులగొట్టును.

తొట్టిలో నూనె నిండుగా ఉన్నను పంపునకు అందకపోవు సమయములు కలవు. వాహనము మలుపు తిరుగునప్పుడు, బ్రేకు వేసినప్పుడు, ఏటవాలు ఎక్కునప్పుడు నూనె ఒక ప్రక్కకు పోవును. బండిలో నీళ్లబిందె పెట్టుకొని మలుపు తిరిగినవారందరికిని ఇది అనుభవమే. ఎంత పోవునో లెక్క కట్టవచ్చును. మలుపులో బండిని ప్రక్కకు నెట్టు బలము భూమ్యాకర్షణలో సగమైనచో, నూనెమట్టము సుమారు 27 డిగ్రీలు వాలును. రెండును సమానమైనచో 45 డిగ్రీలు వాలును. అనగా, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో ఒక గోడవద్ద మట్టము రెండవ గోడవద్దకంటె 30 సెంటీమీటర్లు ఎత్తున నిలువవలెను. తొట్టికి అంత లోతు ఉండదు. అందుచే నూనె యావత్తు ఒక ప్రక్కగా పైకెక్కి, నడుమనున్న గొట్టపు నోరు పొడిగా మిగులును. గంటకు 96 కిలోమీటర్ల వేగమున సుమారు 72 మీటర్ల వ్యాసార్ధము గల వంపు తిరిగినచో ఈ స్థితి కలుగును.

ఇంటిల్లిపాది కూర్చుండి సుఖముగా పోవు కారులో ఆ బలము భూమ్యాకర్షణలో మూడు పదవ వంతులను చేరుటయే అరుదు. అప్పటి వాలు 17 డిగ్రీలకు మించదు. తయారుచేసినవారు ఇచ్చిన తొట్టి దానికి చాలును. పందెపుబాటపై కథ వేరు. అచ్చట మెత్తని జిగట టైర్లతో, వంపు వెంట వంపు, చాలసేపు పూర్తివేగమున తిరుగుదురు. తొట్టిని మార్చవలసిన అవసరము పుట్టినది అచ్చటనే.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1908 నుండి 1927 వరకు అమెరికాలో కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టి కారునకు నూనెపంపే లేదు. వెనుకనున్న ఫ్లైవీలు తిరుగుచు నూనెను చిమ్మగా, ఒక గరాటు దానిని పట్టి, గొట్టముగుండ ఇంజను ముందుభాగమునకు పంపును. దీర్ఘమైన ఏటవాలు ఎక్కునప్పుడు ముందుభాగపు బేరింగులకు నూనె చాలకుండెను. అందుచే వెలుపలినుండి అదనపు నూనెగొట్టమును అమర్చు సామగ్రిని ఆ కాలపు వర్తకులు అమ్మిరి, జనులు కొనిరి.

ఇప్పటి ఉపాయములు చెప్పెదను. మొదటిది అడ్డురేకులు. నీళ్లబిందె తొణకకుండ మన స్త్రీలు దానిలో ఆకులో, రెమ్మలో వేసికొనుట కలదు. తొట్టిలోపల గొట్టపు నోటిచుట్టును రేకు గోడలు కట్టి, నూనె పరుగును నిలుపుటయు అట్టి యుక్తియే. రెండవది ఆ గోడలకు అమర్చు చిన్న తలుపులు. ఇవి నూనెను నడిమి గదిలోనికి రానిచ్చును, వెలుపలికి పోనీయవు. మూడవది, క్రాంకుషాఫ్టునకును నూనెకును నడుమ పరచు పళ్లెము. ఇది లేనిచో సుడిగాలివలె తిరుగు షాఫ్టు నూనెను చిలికి నురుగు చేయును. నురుగులోని గాలి పంపునకు శత్రువు. పైగా ఆ చిలుకుటలో ఇంజను శక్తి కొంత వ్యర్థమగును. నాలుగవది తొట్టిని ప్రక్కలకు పెంచి మరికొంత నూనె పట్టునట్లు చేయుట. క్రిందికి పెంచినచో రాయి తగులు భయము గలదు.

అన్నిటికంటె గొప్పది డ్రై సంపు, అనగా ఎండుతొట్టి పద్ధతి. ఇందు తొట్టిలో నూనె నిలువ ఉండదు. పడిన నూనెను పడినట్లే వేరు పంపులు తోడి, ప్రత్యేకమైన ఎత్తైన పాత్రలో పోయును. ఆ పాత్ర అడుగునుండి మరియొక పంపు ఇంజనునకు అందించును. పాత్ర ఎత్తుగా, ఇరుకుగా ఉండుటచే ఎంత వంపు తిరిగినను అడుగున నూనె ఉండనే యుండును. తొట్టి పలుచనగుటచే ఇంజనును నేలకు దగ్గరగా దింపవచ్చును. దానివలన బండి మలుపులలో నిలకడగా పోవును. 1954లో అమ్మకమునకు వచ్చిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ ఎల్ కారునకును, 1964లో మొదలైన పోర్షే 911 కారునకును ఈ పద్ధతినే వాడిరి. కాని పంపులు, గొట్టములు, కీళ్లు హెచ్చుటచే ఖర్చును, కారుటకు చోట్లును హెచ్చును. అందుచే మామూలు కార్లకు దీనిని పెట్టరు.

ఇపుడు ముఖ్యమైన మాట. నూనెతొట్టిని మార్చినంతమాత్రమున బండివేగము పెరుగదు. చిలుకుట తగ్గుటచే కలుగు లాభము స్వల్పము. ఆ తొట్టి ఇచ్చునది వేగము కాదు, వేగమును తట్టుకొను ఓర్పు. వేగముగా వంపులు తిరుగనివానికి ఆ ఓర్పుతో పనిలేదు. అట్టివాడు దానిపై ధనము పోయుట పైన పటారము, లోన లొటారము అన్నట్లగును.

నిజముగ పందెమునకు పోవు యువకుడైనచో, పని చేయువానిని ఈ ప్రశ్నలు అడుగుడు. గొట్టపు నోటికిని తొట్టి అడుగునకును నడుమ ఎంత ఎడమున్నదో కొలిచితివా? సాధారణముగ ఇది 6 మొదలు 10 మిల్లీమీటర్లదాక ఉండవలెను. మరీ దగ్గరైన నూనె ఆడదు, మరీ దూరమైన గాలి పీల్చును. షాఫ్టు తిరుగునప్పుడు పళ్లెమునకు తగులకుండ చూచితివా? అతుకుపనిలో రాలిన లోహపు రజనును పూర్తిగా కడిగితివా? తొట్టిలో పట్టు నూనె మారినది గదా, కొలపుల్లపై గుర్తులను సరిచేసితివా? నూనె ఒత్తిడిని చూపు మీటరును అమర్చితివా? ఎర్రదీపము వెలుగువరకు ఆగరాదు. ఒత్తిడి బొత్తిగా పడిపోయిన పిమ్మటనే అది వెలుగును. వీనికి తృప్తికరమైన జవాబులు రానిచో, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. బండి హామీ కాలములో ఉన్నచో, మార్పువలన హామీ చెడునా యని ముందే విచారింపవలెను.

పందెమునకు తగిన చోట్లు కలవు. మద్రాసు సమీపమున షోళవరము విమానపు బాటపై ఎన్నియో ఏండ్లు పందెములు జరిగినవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై వద్ద అందుకొరకే ఒక బాటను నిర్మించిరి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేనుసాగరపు ఒడ్డున విద్యుత్తుకార్ల పందెము జరిగినది. ఆ కార్లలో పిస్టనులు లేవు గనుక ఈ తొట్టియు లేదు. ఇట్టి చోట్ల బాటకు ఇరువైపుల రక్షణ కట్టుదురు, వైద్యులను సిద్ధముగ ఉంచుదురు. ఊరిబాటపై అవి లేవు. అచ్చట బడిపిల్లలు, పశువులు, ఆరబోసిన ధాన్యము ఉన్నవి. ఎంత మంచి తొట్టి పెట్టించినను ఆ బాట పందెపుబాట కానేరదు. “నీవు ఎచ్చట తోలెదవు?” అను ప్రశ్నను సొమ్ము లెక్కకు ముందే అడుగుడు.

పందెముతో పనిలేని మనకును ఇందు గ్రహింపదగినవి కొన్ని కలవు. రాయి తగిలి తొట్టి లోనికి సొట్టపడినచో, కారుచున్నదా లేదా యని మాత్రమే చూచి ఊరకుండరాదు. ఆ సొట్ట గొట్టపు నోటిని మూయవచ్చును. గతుకుల దారులలో తిరుగు కారునకు తొట్టిక్రింద గట్టి రక్షణరేకును వేయించుట మేలు. నూనెను చదునైన నేలపై బండి నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు ఆగి చూడవలెను. తక్కువైన ఎంత కీడో, గుర్తు దాటి పోసినను అంత కీడే, ఏలన షాఫ్టు దానిని చిలుకును. ఏటవాలు నేలలో ట్రాక్టరును ఎంతవరకు నడుపవచ్చునో దానితో ఇచ్చిన పుస్తకములో చదివించుకొనుడు.

చెడిన ఇంజనును ధనము వెచ్చించి మరల కట్టించుకొనవచ్చును. పోయిన ప్రాణమును తెచ్చుకొనలేము. మీ యింటి యువకుడు తన బండిని ప్రేమించుట తప్పు కాదు. ఆ ప్రేమకు తగిన చోటును, తగిన పనివానిని చూపి, ఊరిబాటపై మెల్లగా తోలుమని చెప్పి, ఆ పిమ్మట సొమ్ము సంగతి మాటలాడుడు. వాడు మీ మాట వినును.