సహోద్యోగి యింట ఆపద



శ్రీకాకుళము నుండియో, కడప నుండియో వచ్చి ఢిల్లీ నగరమున కేంద్ర ప్రభుత్వోద్యోగము చేయుచున్న వాని యింట ఒకరు ఆసుపత్రి పాలైనపుడు, తోడు నిలువవలసిన అన్నదమ్ములు, మేనమామలు రైలులో ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణపు దూరమున నుందురు. వారు వచ్చి చేరునంత వరకు ఆ స్థానము ప్రక్క బల్ల వానిదే.

మొదటి చిక్కు సెలవు. ఉద్యోగికి ఏటా 30 దినముల ఆర్జిత సెలవు, 20 దినముల అర్ధవేతనపు సెలవు, 8 దినముల ఆకస్మిక సెలవు కలవు. ఒకరి ఖాతాలోని సెలవును మరొకరికి మార్చు పద్ధతి 1972 నాటి సెలవు నియమములలో లేదు. సహోద్యోగి సెలవు నీయజాలడు, పని అందుకొనగలడు. "ఏమైన కావలయునా?" యని అడిగినచో, అభిమానవంతుడు "ఏమియు వలదు" అనియే చెప్పును. అట్లడుగుటకన్న, ఆనాడు పోవలసిన ఫైళ్లేవో తెలిసికొని వాటిని తన బల్లమీదకు తెచ్చుకొనుట మేలు.

రక్తదానమునకు అందరును ఒక్కనాడే పరుగెత్తుట చూడ ముచ్చటగా నుండును గాని, చిక్కును తెచ్చును. రక్తమును అమ్ముట, కొనుట 1998 జనవరి 1 నుండి నిషిద్ధము. ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు మూడు నెలలు, స్త్రీ నాలుగు నెలలు ఆగవలెను. శస్త్రచికిత్స పిమ్మట మరల అవసరము వచ్చినచో, ఇచ్చువారెవరు? రక్తములోని ప్లేట్‌లెట్లు అయిదు దినములకు మించి నిలువ యుండవు. కావున వైద్యులను అడిగి, కొందరు ముందుగను, కొందరు తరువాతను ఇచ్చునట్లు పేర్లు వ్రాసికొనవలెను. రాత్రి కావలికిని ఇట్టి వరుసయే తగును.

తెలుగువాడు మాత్రమే చేయగల పని ఒకటి కలదు. రోగి తల్లి పల్లెనుండి వచ్చిన ముసలమ్మ. వైద్యుడు హిందీలోనో, ఇంగ్లీషులోనో చెప్పును. నడుమ నిలిచి తెలుగు చేసి చెప్పువాడు, జాలిచే మాటను మెత్తబరచుట తరచుగా జరుగును. "ప్రాణాపాయము కలదు" అని వైద్యుడనగా, "కొంచెము జాగ్రత్తగా నుండవలెనట" యని చెప్పుట దయ కాదు. సంతకము పెట్టవలసిన ఆమెకు ఉన్నదున్నట్లు తెలియవలెను. ఆమె ప్రశ్న ఎంత చిన్నదైనను వైద్యునికి చేర్చవలెను.

ధనసహాయము చేయునపుడు పేర్లు, మొత్తములు వ్రాసిన కాగితమును సెక్షనంతటను త్రిప్పరాదు. ఆ కాగితము ఏనాటికైనను అతని కంటబడును. కవరులో పెట్టి యిచ్చుట చాలును. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము 1954లో ఢిల్లీలోనే ఆరంభమైనది. అయినను ముందస్తు సొమ్మునకు దరఖాస్తు పెట్టు విధము తెలియనివారు నేటికిని పెక్కురు. అది తెలిసిన గుమాస్తా ఒక సాయంకాలము కూర్చుండి దరఖాస్తు నింపి, అసలు బిల్లులన్నియు ఒక్క సంచిలో చేర్చియుంచుట, చందాకన్న ఎక్కువ మేలు చేయును.

ఇక గృహిణుల సాయము. ఆవకాయ రోగికి పనికిరాదు గాని, వరండాలో రెండు రాత్రులు కూర్చున్న వానికి పెరుగన్నముతో అది అమృతమే. బడికి పోవు పిల్లలను తమ పిల్లలతో గూడ పంపుట, వారిచే పాఠములు చదివించుట కూడ ఇందులోనివే.

మొదటి వారమున ఆసుపత్రిలో చూడవచ్చువారు క్రిక్కిరిసి యుందురు. మూడవ వారమున ఎవరును రారు. అప్పటికి సెలవు తరిగి, చేతిలోని సొమ్ము కరగి, రోగి యింటికి చేరును. మందుల వేళలు, కట్టు మార్పించుట, మరల పరీక్షలకు తీసికొనిపోవుట అప్పుడే మొదలగును. పేర్ల వరుసలో సగమునైన ఆ మూడవ వారమునకు మిగిల్చి యుంచవలెను.