ఏ కణం ఏ కణాన్ని పట్టుకుంటుంది?

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథసూరిది మెదక్ జిల్లాలోని ఈ కుల్చారమేనని పండితుల మాట. ఆధారం లేనిది రాయకపోవడం, అక్కర లేనిది చెప్పకపోవడం ఆయన పెట్టుకున్న నియమం. పిండంలో కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో చెప్పడానికీ ఆ నియమమే తగినది.

1907లో హెచ్.వి. విల్సన్ సముద్రపు స్పంజిని సన్నని పట్టుగుడ్డలో పెట్టి పిండారు. నీళ్లలో విడివిడిగా పడ్డ కణాలు మళ్లీ చేరి స్పంజి అయ్యాయి! 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచరాల పిండాల్లో చర్మమయ్యే కణాలనూ నాడులయ్యే కణాలనూ విడదీసి కలిపేశారు. చర్మకణాలు పైకి, నాడీకణాలు లోపలికి వాటంతట అవే సర్దుకున్నాయి.

దీనికి కారణం ఒక ద్రావణంలోని తేడా వల్ల బయటపడింది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థకు వెళ్లారు. క్యోటోలో చక్కగా అతుక్కున్న కణాలు అక్కడ అతుక్కోలేదు. కణాలను విడదీయడానికి వాడే అక్కడి ట్రిప్సిన్ ద్రావణంలో ఈడీటీఏ అనే రసాయనం కలిపి ఉంది. అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కాల్షియం అండ ఉన్నంతసేపు ట్రిప్సిన్‌కు లొంగని ప్రొటీన్ ఒకటి, కాల్షియం పోగానే తెగిపోతోంది. అలాంటి ప్రొటీన్ల కుటుంబానికే క్యాడ్‌హెరిన్లని పేరు.

పొదిగిన రెండో రోజు కోడిగుడ్డు పెంకును కాస్త కోసి చూడండి. పచ్చసొన మీద పలుచని పిండం, దాని వీపు వెంట రెండు మడతలు లేచి కలుసుకుంటుంటాయి. అదే నాడీనాళం, రేపటి మెదడూ వెన్నుపామూ. మొదట పిండం పైపొరంతా ఇ-క్యాడ్‌హెరిన్ అనే రకమే ఉంటుంది. లోపలికి మునిగే కణాలు దాన్ని మాని ఎన్-క్యాడ్‌హెరిన్ అనే మరో రకాన్ని తయారుచేస్తాయి. చర్మమయ్యేవి పాతదే ఉంచుకుంటాయి. ఏ రకం ఆ రకాన్నే గట్టిగా పట్టుకుంటుంది కనుక నాళం పైపొర నుంచి విడివడడానికి వీలవుతుంది. తర్వాత నాళం పైఅంచున కొన్ని కణాలు ఎన్-క్యాడ్‌హెరిన్‌నూ తగ్గించుకుని ప్రయాణం కడతాయి. ముఖంలోని ఎముకలు చాలావరకూ, చర్మానికి రంగునిచ్చే కణాలూ వాటి సంతానమే. జన్యువు ఉంటే చాలదు, సరైన వేళకు పలకాలి, సరైన వేళకు ఆగాలి.

ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువే లేని ఎలుక పిండాలు గర్భాశయానికి అంటుకునే దశ దాటవని 1994లో తేలింది.

మనిషిలో ఈ నాళం నాలుగో వారంలోనే మూసుకుంటుంది. చాలామంది తల్లులకు అప్పటికి గర్భం సంగతే తెలియదు. వెన్ను దగ్గర మూసుకోకపోతే వచ్చే లోపమే స్పైనా బైఫిడా. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల 1945లో ఈ ముప్పును తగ్గించే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ముందొకసారి ఇలాంటి లోపమున్న పిండాన్ని మోసిన స్త్రీలకు, మళ్లీ గర్భం నిలవకముందు నుంచే దాన్నిస్తే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రకటించింది. క్యాడ్‌హెరిన్ కథా సుబ్బారావు గారి కృషీ ఒకే నాళం దగ్గర కలుస్తాయి. ఒకదానికి మరొకటి కారణమని మాత్రం అనకూడదు.

ఇక్కడ కూర్చున్న జీవశాస్త్ర ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మెదక్ జిల్లాలో కోళ్లకు కొదవ లేదు. దుకాణంలో దొరికే ఫారం గుడ్డు ఈ పిండాన్ని చూడడానికి పనికిరాదు, పుంజుతో కలిసిన పెట్ట గుడ్డే కావాలి. ఆ రెండో రోజు పిండాన్ని పిల్లలకు చూపించి, ఈ సంగతంతా తెలుగులోనే చెప్పండి. పెళ్లయిన ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ మరొక మాట చేరవేయండి: బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే, గర్భం నిలవకముందే, డాక్టరు సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్ర మొదలుపెట్టాలి.