పండ్రెండు వోల్టుల గాలి

(సంఘ కుటుంబసభలో చేసిన ప్రసంగపాఠము)



మన సభలలో కావ్యములను గూర్చియో, త్యాగరాజస్వామిని గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఈసారి కార్యదర్శిగారు నన్ను విద్యుత్తును గూర్చి చెప్పుమనిరి. అందులోను, కంప్యూటరు పెట్టెలో నుండు అరచేయి వెడల్పు ఫ్యానును ఇంటిలో అడాప్టరుతో ఎట్లు త్రిప్పుకొనవలెనో చెప్పుమనిరి. వస్తువు చిన్నదే. కాని దానిని చేపట్టువారు మన పిల్లలు. అందుచేత విషయము చిన్నది కాదని నా యభిప్రాయము.

సూరతులో తెలుగువారందరును మనవలె క్వార్టర్లలో నుండువారు కారు. లింబాయతు వంటి పేటలలో తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన నేతకుటుంబములు మరమగ్గముల నాశ్రయించి జీవించుచున్నవి. రాత్రి మగ్గము నడపినవాడు పగలు నిద్రింపవలెను. ఇరుకు గదిలో, రేకుల కప్పు క్రింద, ఏప్రిలు మే నెలల యుక్కలో ఆ నిద్ర యెట్టిదో ఊహింపుడు. ఆ యింటి కుఱ్ఱవాడు పాతసామానుల యంగడిలో కంప్యూటరు ఫ్యానులు చవుకగా కొని, ఫోనులో ఏదో వీడియో చూచి, తీగెలు కలుపుటకు కూర్చుండును. మన క్వార్టర్లలోని పిల్లవాడును అదే చేయును, మోడెము వేడెక్కుచున్నదనియో, ఇన్వర్టరు పెట్టె కాలుచున్నదనియో. ఇద్దరి యుత్సాహమును మెచ్చదగినదే. వారికి తెలియవలసిన దొక్కటి కలదు. తీగెల పనిలో ఒక సరిహద్దు గీత యున్నది. ఆ గీతకు ఇవతల పిల్లలు పని చేయవచ్చును, అవతల చేయరాదు.

2019 మే 24వ తేదీన ఈ నగరములోనే, సర్థానా ప్రాంతమున తక్షశిల భవనములో మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు మరణించిరి. ఆ నిప్పు విద్యుత్తు లోపమున పుట్టినదని నాటి వార్తలు తెలిపినవి. ఆ సంగతి ఇంకను మన మనస్సులలో పచ్చిగనే యున్నది గనుక ఇంతకంటె విస్తరింపను.

ఆ గీత యెక్కడ నున్నదనగా, అడాప్టరు యొక్క మూసిన డొప్పలో నున్నది. గోడ వైపున 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, అనగా ఏ.సి. సన్నని తీగె వైపున 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. ఈ రెంటి మధ్య నున్న పెట్టెను తెరువరాదు. 230 వోల్టులని మనము చెప్పుకొనునది సగటు లెక్క వంటిది. దాని శిఖరము సుమారు 325 వోల్టులు. లోపలి కెపాసిటరు ప్లగ్గు పీకిన తరువాత కూడ కొంతసేపు ఆ శక్తిని దాచియుంచుకొనగలదు. పాడైన అడాప్టరును బాగుచేయుట మితవ్యయము కాదు, దానిని పారవేయుటయే మితవ్యయము. కొనునపుడు భారతీయ ప్రమాణముల సంస్థ వారి గుర్తును, 'ఆర్' అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూచి కొనుడు. 2012 నాటి ఉత్తర్వును బట్టి ఇట్టి ఎలక్ట్రానిక్ వస్తువులకు నమోదు తప్పనిసరి యైనది.

ఒక చిన్న చరిత్ర. 1882 సెప్టెంబరులో ఎడిసను న్యూయార్కు నగరములో పెర్లు వీథి కేంద్రమునుండి దీపములకు పంపినది డి.సి. విద్యుత్తే. పిదప దూరప్రయాణమునకు అనువైన ఏ.సి. గెలిచి ఇండ్లన్నింటిలో ప్రవేశించినది. నేడు మన ఫోను, మోడెము, ఎల్.ఇ.డి. దీపము, కంప్యూటరు అన్నియు లోపల డి.సి.నే కోరుచున్నవి. ఓడిన ఎడిసను అడాప్టరు రూపమున ఇంటింటికి మరల వచ్చినాడని నేను మా పిల్లలతో అనుచుందును.

ఇక ఫ్యాను సంగతి. దీనిలో బొగ్గు బ్రష్షులు లేవు. తిరుగు చక్రమున అయస్కాంతము, నిలిచియుండు భాగమున తీగెచుట్టలు ఉండును. అయస్కాంతము ఏ స్థితిలో నున్నదో కనిపెట్టి చుట్టలలో విద్యుత్తును మార్చుట కొక చిన్న గ్రాహకము కలదు. అది 1879లో ఎడ్విన్ హాల్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ధర్మముపై పనిచేయును. రాపిడి తక్కువ గనుక ఈ ఫ్యాను ఏండ్ల తరబడి తిరుగును. కాని లోపల ఎలక్ట్రానిక్ భాగము లుండుటచే దీనికి ధన ఋణముల పట్టింపు ఎక్కువ. సీలింగు ఫ్యానువలె ఏ తీగె నెక్కడ కలిపినను తిరుగునది కాదు.

దాని వీపున చీటీ యుండును. దానిని చదువుడు. 'డి.సి. 12 వోల్టులు, 0.20 ఆంపియర్లు' అని యుండవచ్చును. అడాప్టరు మీద 'ఔట్‌పుట్ 12 వోల్టులు, 1 ఆంపియరు' అని యుండవచ్చును. ఈ రెండు చీటీలను ప్రక్కప్రక్కన బెట్టి చూచుటయే ఈ విద్యలో సగము. ఇక్కడనే చాలమంది తికమకపడుదురు.

మనలో గోదావరి, కృష్ణా డెల్టాల వారు చాలమంది యున్నారు. కాలువలోని నీటిమట్టము వోల్టేజి వంటిది. తూము గుండ పోవు నీరు ఆంపియర్ల వంటిది. మట్టము హెచ్చినచో గట్టు తెగును. కాలువ పెద్దదైనంత మాత్రమున మడి మునుగదు, తూము ఎంత తీసికొనునో అంతయే తీసికొనును. అందుచేత వోల్టులు సరిగా సమానముగా నుండవలెను. అడాప్టరు ఆంపియర్లు ఫ్యానుల మొత్తముకంటె ఎక్కువ యుండవలెను. ఎంత ఎక్కువ యున్నను ఫ్యానునకు హాని లేదు. తక్కువయైనచో అడాప్టరు వేడెక్కును. లాప్‌టాపు అడాప్టరు 19 వోల్టుల దగును. దాని ముల్లు సరిపోయినదని ఈ ఫ్యానునకు తగిలించువారు కలరు. అది ఫ్యానును చంపుటకు సులభమార్గము.

లెక్క చూడుడు. 0.20 ఆంపియర్ల ఫ్యానులు నాలుగు కలిపినచో 0.80 ఆంపియర్లు. తిరుగుట ప్రారంభించునపుడు కొంచెము ఎక్కువ తీసికొనును గనుక ఒకటిన్నర ఆంపియర్ల అడాప్టరు పెట్టుట మేలు. నాలుగును కలిసి పది వాట్లకు లోపు. రోజుకు పది గంటలు తిప్పినను నెలకు మూడు యూనిట్లు. గృహిణులకు ఈ అంకె సంతోషము కలిగించునని తలచెదను.

కలుపు విధానము నిచ్చెన వంటిది. అడాప్టరు ధనతీగె ఒక నిట్టాడి, ఋణతీగె రెండవ నిట్టాడి, ఒక్కొక్క ఫ్యాను ఒక్కొక్క మెట్టు. ఇట్లు కలిపిన ప్రతి ఫ్యానునకును నిండుగా 12 వోల్టులు అందును. ఒకటి ఆగినను తక్కినవి తిరుగుచుండును. ఒకదాని తోక ఇంకొకదాని తలకు కలిపి గొలుసుగా చేసినచో 12 వోల్టులు పంచుకొనబడి రెండును లేవక నిలిచిపోవచ్చును.

తీగెల రంగులను గూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలెను, ఏలయన ఫ్యానులు ఎక్కువగా చెడునది ఇచ్చటనే. రెండు తీగెల ఫ్యానులో ఎఱుపు ధనము, నలుపు ఋణము. మూడు తీగెల ఫ్యానులో సాధారణముగా నలుపు ఋణము, ఎఱుపు ధనము, పసుపు వేగమును తెలుపు సంకేతము. నాలుగు తీగెల ఫ్యానులో నలుపు ఋణము, పసుపు ధనము, ఆకుపచ్చ సంకేతము, నీలము వేగమును శాసించునది. చూచితిరా, ఒకదానిలో సంకేతమైన పసుపు ఇంకొకదానిలో ధనమైనది! సంకేతపు తీగెకు 12 వోల్టులు నేరుగా ఇచ్చినచో లోపలి భాగము కాలిపోవచ్చును. కనుక రంగును కాక వరుసను నమ్ముడు. నలుపు చివరనుండి మొదటిది ఋణము, రెండవది ధనము. మిగిలిన తీగెలను కలుపక, కొసలకు విడివిడిగా టేపు చుట్టి వదలివేయుడు. నీలపు తీగె నట్లు వదలినచో ఫ్యాను పూర్తి వేగమున తిరుగును. తీగెలన్నియు నల్లగా నున్న ఫ్యానును తయారుచేసినవారి పటము చూడక ముట్టరాదు.

అడాప్టరు ముల్లునకు నడుమ ధనమా, వెలుపల ధనమా అనునది చీటీ మీది చిన్న బొమ్మలో నుండును. దానిని నమ్మినను ఒకసారి మల్టీమీటరుతో చూచుకొనుట మంచిది. ముల్లలోని ఎఱ్ఱ మొనకు ఎదురుగా అంకె ముందు ఋణచిహ్నము కనబడినచో మీరు తారుమారు పట్టితిరని యర్థము. పాతకాలపు బరువైన అడాప్టరులు కొన్ని చీటీ మీద 12 అని యుండియు తేలిక పనికి 16 వోల్టులు ఇచ్చుట కలదు. అదియును మీటరే చెప్పును.

అతుకులను మెలిపెట్టి టేపు చుట్టుట మన దేశమున కొక యలవాటు. సూరతు వేడిలో ఆ టేపు జిగురు కారి వారము తిరుగకమునుపే ఊడును. అతుకులను టంకముతో నతికి, వేడికి ముడుచుకొను గొట్టము తొడుగుడు. టంకము లేనివారు మరల బిగింపు కనెక్టరు పట్టీ వాడుకొనవచ్చును. రెండు తీగెల అతుకులు ఒకదాని ప్రక్కనొకటి రాకుండ ముందువెనుకలుగా నుంచుడు. 12 వోల్టులు చేతికి షాకు కొట్టవు, నిజమే. కాని రెండు తీగెలు తాకినచో వేడిమి పుట్టును. ఆ వేడిమికి వోల్టులతో పని లేదు.

ఈ మాట బ్యాటరీ విషయమున మఱింత ముఖ్యము. కరెంటు పోయినపుడు 12 వోల్టుల బ్యాటరీతో ఈ ఫ్యానులను తిప్పవచ్చును, ఇదియే వీని గొప్ప ప్రయోజనము. మంచి అడాప్టరు తీగెలు తాకినపుడు తానే ఆగిపోవును. బ్యాటరీ ఆగదు, తీగె ఎఱ్ఱబడువరకు ఇచ్చుచునే యుండును. కనుక బ్యాటరీ ధనపు కొనకు దగ్గరగా ఒక ఆంపియరు ఫ్యూజు లేనిదే కలుపరాదు. 7 ఆంపియరు గంటల చిన్న బ్యాటరీతో రెండు ఫ్యానులు లెక్కకు 17 గంటలు తిరుగవలెను. కాని అట్టి బ్యాటరీని సగముకంటె ఎక్కువ ఖాళీ చేయరాదు గనుక ఒక రాత్రికి చాలునని చెప్పుకొందము.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. 120 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషమునకు రెండు ఘనమీటర్లకు లోపు గాలిని కదల్చును. మన యింటి సీలింగు ఫ్యాను రెండువందలకు పైగా కదల్చును. నూరవ వంతు! దీనితో గది చల్లబడదు. మంచము ప్రక్కన మొగమునకు దగ్గరగా పెట్టిన ఒక మనిషికి కొంత హాయి. మోడెమునకు, ఇన్వర్టరు అరకు, వంటింటి కిటికీలో ఆవిరిని బయటికి త్రోయుటకు చక్కగా పనికివచ్చును. చట్రము మీద బాణపు గుర్తులు రెండుండును. ఒకటి చక్రము తిరుగు దిశ, రెండవది గాలి పోవు దిశ. గుర్తులు లేనిచో, చీటీయు ఆధారపు కమ్ములును ఉన్న వైపునకే గాలి పోవును. మరియొకటి, గదిలోని వేడి 40 డిగ్రీలు దాటినపుడు ఫ్యాను గాలి దేహమును చల్లబరచుటకు మారుగా వేడెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. ఇంట వృద్ధులున్నచో ఆ వేళ తడిగుడ్డయు, నీరును, నీడయు వెదకవలెను గాని ఫ్యానును నమ్మి కూర్చుండరాదు.

మగ్గముల దగ్గర నివసించువారి యిండ్లలో నూగు ఎగిరివచ్చి రెక్కలకు పట్టును. పదిహేను దినముల కొకసారి ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో తుడువవలెను. చంటిపిల్లలున్న యింట ఇనుప జాలీ బిగింపనిదే ఫ్యానును నేల మీద పెట్టరాదు.

కార్యాలయమున మూలబడిన కంప్యూటర్లనుండి ఈ ఫ్యానులు తీసికొనవచ్చునా యని ఒక మిత్రుడు నన్నడిగెను. ఆయన నవ్వుచునే యడిగెను, నేనును నవ్వుచునే చెప్పుచున్నాను. రద్దుచేసిన సామగ్రి కూడ ప్రభుత్వ సొత్తే. 2017 సాధారణ ఆర్థిక నియమావళిని బట్టియే దానిని వదిలించుకొనవలెను. ఎలక్ట్రానిక్ వ్యర్థములకు 2022 నాటి నియమములు వేరుగా కలవు. అంగడిలో కొనుక్కొందము.

బల్లమీద మూడు ఫ్యానులు, ఒక అడాప్టరు, ఒక మీటరు ఉంచితిని. మూడింటిలో ఒకటి రెండు తీగెలది, ఒకటి మూడు, ఒకటి నాలుగు తీగెలది. పదేండ్లు దాటిన పిల్లలు ముందుకు రండు. చీటీలు చదివి, ఏ తీగె ఏదో మీరే నాకు చెప్పుడు. ప్లగ్గు మాత్రము నేను పెట్టెదను.