జట్టు పోయినా మిగిలినది

కావలి, బిట్రగుంట, మైపాడు, కృష్ణపట్నం తీరమున ఉన్న ప్రతి కుటుంబమునకు, చిన్న చిన్న సంఘములన్నిటికీ నా వందనములు.

ఈ వేళ ఒక ఫుట్‌బాల్ జట్టును గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుచున్నాను. ప్రసంగములో ఆటల మాట ఎందుకని పెద్దలు అనుకోవద్దు. పౌలు కొరింథీ సంఘమునకు వ్రాస్తూ పరుగు పందెమును ఉదాహరణగా తీసుకొన్నాడు. ఆ పట్టణము దగ్గర పెద్ద ఆటల పోటీలు జరిగేవి గనుక వారికి ఆ మాట తేలికగా అర్థమైంది.

కొరింథీ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండులో 1882లో కొరింథియన్ అనే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. వారు జీతానికి ఆడినవారు కారు, ఆట మీద ప్రేమతో ఆడినవారు. 1939లో ఆ క్లబ్బు మరొక క్లబ్బులో కలిసిపోయింది. అయితే వారు 1910లో బ్రెజిల్ వెళ్ళి ఆడినప్పుడు, అక్కడ సావో పాలోలోని కొందరు పనివారు వారి పేరే పెట్టుకొని ఒక క్లబ్బు మొదలుపెట్టారు. అది నేటికీ ఉంది. విత్తినవారు పోయారు, విత్తనము మాత్రం వేరొక నేలలో మొలిచింది.

మన తెలుగు నేల మీద కూడా అటువంటి జట్టు ఒకటి ఉండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. పోలీసు ఉద్యోగము చేసుకొనేవారే ఆటగాళ్ళు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. 1888లో ఆంగ్లేయులు సిమ్లాలో మొదలుపెట్టిన డ్యూరాండ్ కప్పు కూడా 1950లోను, 1954లోను వీరి చేతికే వచ్చింది.

వీరికి ఆట నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన బడిపంతులు. ఆయన పద్ధతి వినండి. పిల్లలకు పోటీలు పెట్టి, బంతిని ఒక్కడే తీసుకొని పరుగెత్తకూడదు, తోటివానికి అందించాలి అని నియమము పెట్టేవారు. ఇంకొక పోటీలో బలమైన కాలు వాడనిచ్చేవారు కారు, బలహీనమైన కాలితోనే ఆడాలి. ఎందుకు? అవసర సమయమున బంతి ఏ కాలి దగ్గరకు వస్తుందో ఎవరికి తెలుసు?

ఆయన భారత జట్టుకు కూడా శిక్షకుడయ్యారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకము వచ్చింది. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్సులో మనవారు, చాలామంది వట్టి కాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయారు. ఎంత అవమానము! కాని రహీం గారు అక్కడ ఆగిపోలేదు. నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్‌లో భారతదేశము నాలుగవ స్థానములో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్ళీ బంగారు పతకము గెలిచింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఉన్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

మరి ఆ జట్టు ఏమైంది? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అది ఆంధ్రా పోలీస్ అయింది. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు వెళ్ళసాగారు. తులసీదాస్ బలరాం వెళ్ళారు, నయీముద్దీన్ వెళ్ళారు. హైదరాబాదు వెలుగు క్రమముగా తగ్గింది. పెద్ద పోటీలలో ఆ పాత పేరు వినబడడము ఎన్నో ఏళ్ళ క్రితమే ఆగిపోయింది.

సహోదరులారా, ఈ కథను రెండు వైపుల నుండి చూడండి.

మొదటిది, పంపించిన జట్టు ఓడిపోయిన జట్టు కాదు. నయీముద్దీన్ గారు 1970 ఆసియా క్రీడలలో కాంస్య పతకము గెలిచిన భారత జట్టుకు నాయకుడు. నేర్చినది ఒకచోట, ఫలించినది వేరొకచోట. మన తీరములోని పిల్లలు కూడా చదువుకని, పనికని చెన్నైకి, హైదరాబాదుకు వెళ్తున్నారు. ఆదివారము బెంచీలు ఖాళీగా కనబడితే కాపరి మనస్సు కుంగుతుంది. కుంగవద్దు. మీరు నేర్పిన ప్రార్థన వారితో వెళ్ళింది.

రెండవది, ఇది మనలను హెచ్చరించే మాట. వెళ్ళినవారి స్థానములో మరొకరిని సిద్ధపరచకపోతే దీపము కొడిగడుతుంది. పౌలు తిమోతికి ఏమని చెప్పాడు? విన్నది నమ్మకమైన వారికి అప్పగించు, వారు ఇతరులకు బోధించగలగాలి అన్నాడు. ఎఫెసు పట్టణము నేడు శిథిలాల గుట్ట. అయితే అక్కడ వెలిగిన సువార్త మన ఊరి దాకా వచ్చిందంటే, ఒకరి చేతి నుండి మరొకరి చేతికి అందింది గనుకనే.

కాబట్టి సంఘపెద్దలారా, గోడ మీద మీ పేరు ఉన్నదా అని చూడకండి. మీ దగ్గర నేర్చుకొంటున్న పిల్లవాడు ఎవరు? సండేస్కూలులో మీ తరువాత ఎవరు నిలబడతారు? గట్టి గొంతుగల వానికే పాట, చురుకైన వానికే వాక్యము ఇస్తున్నారా? సిగ్గుపడి వెనుక కూర్చున్న ఆ పిల్లను ఈ ఆదివారము ముందుకు పిలవండి. సంఘములో బలహీనమైన కాలు కూడా దేవుడు ఇచ్చినదే.

బంతిని మీ దగ్గరే ఉంచుకోవద్దు. అందించండి. ప్రభువు మిమ్మును, మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.