శ్రీశైలము దారిలో చెంచుపెంటలు

శ్రీశైల శిఖరమును దర్శించినవారికి మరుజన్మ లేదని మన పెద్దల విశ్వాసము. శిఖరము కనబడిన చాలును గనుక, తక్కిన దారినంతయు కన్నులు మూసికొని పోయినను దోషము లేదని యాత్రికులు కొందరు తలంచుచున్నట్లు తోచును. మేము నివసించు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీథులనుండి సెలవుదినములలో శ్రీశైలమునకు బయలుదేరు కార్లకు లెక్కలేదు. తిరిగివచ్చినవారిని యాత్రావిశేషము లడిగినచో, దర్శనమునకు పట్టిన గంటలు, వసతిగది అద్దె, ఆనకట్ట గేట్లు ఎత్తిరో లేదో - ఇవియే చెప్పుదురు. మన్ననూరు దాటిన పిమ్మట అడవిలో ఎవరైన కనబడిరా అని అడిగినచో, కోతులు కనబడినవని చెప్పుదురు.

ఆ అడవిలో మనుష్యులున్నారు. శ్రోతలలో పలువురు దోమలపెంట, ఈగలపెంట అను ఊళ్ళ పేర్లు చదివి నవ్వుకొనియే యుందురు. మైదానపు తెలుగులో పెంట యనగా చెత్తకుప్ప. నల్లమలలో పెంట యనగా చెంచుల పల్లె. నాలుగు గుడిసెలున్నను పెంటయే, నలుబది యున్నను పెంటయే. ఈ నవ్వునకు వెఱచియో యేమో, 2024లో దోమలపెంటకు బ్రహ్మగిరియనియు, ఈగలపెంటకు కృష్ణగిరియనియు ప్రభుత్వమువారు పేర్లు మార్చిరి. క్రొత్త పేర్లు వినసొంపైనవే. కాని ఆ నేల ఎవరిదో చెప్పెడి మాట పాత పేరులోనే ఉండెను.

పూర్వపు యాత్రికునికి ఆ మాట వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము - ఈ నాలుగును శ్రీశైలమునకు ద్వారములు. ఏ ద్వారమున ప్రవేశించినను అడవిలో కొన్ని దినములు నడువవలసినదే. 14వ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించెను. మెట్లు రాజు కట్టించినను, దారి చూపుటకును, మృగములనుండి, దొంగలనుండి కాచుటకును చెంచు తోడు కావలెను. అందులకు యాత్రికులు వారికి కొంత సొమ్ము ముట్టజెప్పుట ఆచారమై యుండెను.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, ఆత్మకూరు మీదుగా ఈ కొండ నెక్కిరి. ఆయన లేఖలలో చెంచుల ప్రసక్తి కలదు. కందనూరు నవాబు యాత్రికుల యొద్ద పన్ను పుచ్చుకొనుటయే గాని ఆలయమును బాగుచేయు తలంపు లేదన్న బాధయు కలదు. అచటినుండి ఆయన హైదరాబాదు చేరి మన హుస్సేన్ సాగరమును గూర్చియు వ్రాసిరి. కనబడినదెల్ల వ్రాసికొనుచు పోయిన ఆ మహనీయుని కంటికి చెరువుకట్టయు, చెంచువాడును ఒకే యాత్రలోని విశేషములు.

దేవునికిని చెంచులకును గల సంబంధము ఇంకను దగ్గరిది. స్వామి వేటగాని రూపమున వచ్చి చెంచుపడుచును వరించెనని కథ. అందుచే మల్లికార్జునుడు వారికి చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. ఆలయ ప్రాకారముపై చెక్కిన వేట దృశ్యములు చూచునపుడు ఈ కథ జ్ఞప్తికి వచ్చును. ఉగాదికి కాలినడకన వచ్చు కన్నడ భక్తులును భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి చీర తెత్తురు. అనగా ఆ దేవునికి అత్తవారు ఇరువైపుల నున్నారన్నమాట!

1960లో శంకుస్థాపన జరిగిన ఆనకట్టతోను, దాని వెంట వచ్చిన రహదారితోను కథ మారినది. హైదరాబాదునుండి సుమారు 215 కిలోమీటర్లు. తెల్లవారి బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు దర్శనము ముగించుకొనవచ్చును. సౌకర్యము మంచిదే, దానిని మేము నిందింపము. కాని తోడు అవసరము లేనివానికి తోడు వచ్చువాడు కనబడకపోవుట సహజము.

1940లో వియన్నా నగరపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నెలల తరబడి గడిపి, వారిపై 1943లో గ్రంథము ప్రకటించెను. అంతదూరమునుండి వచ్చినవాడు వారి భాష నేర్వవలసి యుండెను. మనకు ఆ శ్రమయు లేదు. వారు మాటలాడునది తెలుగే.

ఇట్టి కొండ, ఇట్టి జనము, ఇట్టి యాత్రికులు మఱియొక చోట నున్నారు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రమున, ఎడారికిని పర్వతములకును నడుమ, దాదాపు ఏడువేల అడుగుల ఎత్తున తావోస్ అను పాతపట్టణము కలదు. దాని చెంతనే ఆదివాసుల ప్యూబ్లో: పచ్చి ఇటుకలతో అంతస్తుపై అంతస్తుగా కట్టిన ఇండ్లు, సుమారు వేయి సంవత్సరములుగా జనము విడువని ఇండ్లు. 1992లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. అచటికి పోవు యాత్రికుడు రుసుము ఆ జాతివారికే చెల్లించును. ఎవరినైన ఫోటో తీయవలెనన్న వారి అనుమతి పొందవలెను. పండుగలలో అసలే తీయరాదు. తమ వ్రతములకు అవసరమైనపుడు వారు వారముల తరబడి ద్వారము మూసివేయుదురు. ఎంత దూరమునుండి వచ్చినవాడైనను వెనుదిరుగవలసినదే. వారు పవిత్రముగా భావించు నీలి సరస్సును 1906లో ప్రభుత్వము అటవీభూమిలో కలిపివేయగా, అరువది నాలుగేండ్లు పోరాడి 1970లో 48,000 ఎకరములతో సహా తిరిగి పొందిరి.

మన్ననూరు వద్దను ద్వారము కలదు. రాత్రి తొమ్మిదికి మూసి ఉదయము ఆరింటికి తెరతురు. అది మృగరక్షణకై అటవీశాఖవారు పెట్టిన ద్వారము, అవసరమైనదే. కొండపైని ద్వారములు దేవస్థానమువారివి. చెంచులు తెరచి మూయు ద్వారము ఈ దారిలో ఒక్కటియు లేదు. పైగా పులుల అభయారణ్యపు నడిభాగమునుండి పెంటలను వెలుపలికి తరలించు మాట తరచుగా వినబడుచున్నది. పులి బ్రతుకవలసినదే. కాని తరతరములుగా పులితో కలిసి బ్రతికినవానిని మొదట కదలించుట మాకు న్యాయముగా తోచదు. వారి సమ్మతి లేక కదల్పరాదని 2006లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము చెప్పుచున్నది. సమ్మతి యన్నది సంతకమా, మనసా అనునదే ప్రశ్న. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి రాష్ట్రమున చెంచులు సుమారు 64 వేలమంది. మన పేటలు రెండు మూడు కలిపినచో అంతకు మించవచ్చును.

క్రిందటి వేసవిలో, పరిచయస్థుడైన ఒక ఉపాధ్యాయుని వెంట మేమొక పెంటకు పోతిమి. మాకు ముందే ఒక కారు ఆగియుండెను. అందులోనివారు పాతబట్టలు, బిస్కత్తు పొట్లములు పంచి, పిల్లలను వరుసగా నిలిపి ఫోటోలు తీసికొని, ఒక్కరి పేరైనను అడుగక వెడలిరి. దానము చెడ్డదని అనము. అడుగక తీసిన ఫోటో మాత్రము మాకు రుచింపలేదు.

ఒక వృద్ధుడు మమ్ము చెట్టునీడను కూర్చుండబెట్టి మొట్టమొదట మా ఇంటిపేరడిగెను. తరువాత తనది చెప్పెను. కుడుముల, మండ్ల, నిమ్మల, ఉడతల - ఇట్టివి వారి ఇంటిపేర్లు. ఇంటిపేరును బట్టియే పిల్లనిచ్చుట, పుచ్చుకొనుట. తేనెతీయు విధమును ఆయనయే వివరించెను. కొండచరియపైనుండి నారత్రాడు జారవిడిచి, దానిపై దిగి, పొగబెట్టి పట్టును కోయుదురు. పైన త్రాడు పట్టుకొనువాడు బావమరది కావలెనట. తోడబుట్టినవాడు ఆస్తికై ఆశపడినను పడవచ్చును గాని, అక్కచెల్లెలి పసుపుకుంకుమలు పోగొట్టుకొనుటకు ఏ బావమరదియు ఒప్పడు గదా! ఇది చెప్పి ఆయన చాలసేపు నవ్వెను. ఫోటోకు అనుమతి అడిగితిమి. ఇప్పుడు వలదు, మరల వచ్చినపుడు చూతమనెను.

లేచునపుడు, సారూ, మీ ఊరు హైదరాబాదులో ఎక్కడ అని అడిగెను. హుస్సేన్ సాగరపు కట్ట దిగువను అని చెప్పితిమి. అంత పెద్ద చెరువు క్రింద నున్నారు గదా, ఆ నీరే త్రాగుదురా అనెను. 1930 వరకు త్రాగిరట, తాతా అని చెప్పితిమి.