వడ్రంగి పనిముట్లు: ఫోనులో కొనుటయా, బజారులో కొనుటయా?

(కతర్‌గామ్‌లో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్ నగరంలోని తెలుగువారిలో అత్యధికులు మగ్గాలను నమ్ముకొని బ్రతుకుతున్నవారు. ఈ కతర్‌గామ్ ప్రాంతం వజ్రాల సానకూ మరమగ్గాలకూ పేరుపొందినది. ఇటువంటి చోట వడ్రంగి పనిముట్లను గురించి ప్రసంగమేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. కాని కార్ఖానాలోని బల్లలూ, కొత్త ఇళ్ల తలుపులూ అలమారాలూ వడ్రంగి చేయి పడనిదే నిలువవు. ఆ పనివారు ఒక్కచోట గుమిగూడి పనిచేయరు. అందువలన సంఘాల దృష్టి వారిపై తక్కువగా పడినది. వారికీ మగ్గం కార్మికునికీ ఒక ముఖ్యమైన భేదం కూడా కలదు. మగ్గం చెడిన నాడు కార్మికుని కూలి పోతుంది గాని మరమ్మతు ఖర్చు యజమానిదే. ఉలి విరిగిన నాడు కూలీ, ఖర్చూ రెండూ వడ్రంగివే. కనుక పనిముట్టును ఎక్కడ కొనవలెనన్నది అతనికి ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు, కూలి ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. బజారులో 350 రూపాయలు చెప్పిన ఉలి ఫోనులో 220 రూపాయలకు దొరికినదనుకుందాం. 130 రూపాయలు మిగిలినవి. ఆ ఉలి వారం తిరగకముందే అంచు మడిచినది. రోజుకు నాలుగుసార్లు సానరాయి వద్ద కూర్చొనవలసి వచ్చినది. పని కొలత మీద కూలి పుచ్చుకొనే వడ్రంగికి రోజుకు గంట పోయినా ఆ 130 రూపాయలు రెండు రోజులలో హరించుకొని పోతాయి. పైగా పని ఆలస్యమైనదని అడిగితే మేస్త్రీ "ఆడలేక మద్దెల ఓడు" అని సామెత చెప్పి కూలి కోస్తాడు. మద్దెల నిజంగానే ఓడు కావచ్చునన్న సంగతి అతనికి పట్టదు.

ఉలికి ప్రాణం దాని ఉక్కులో ఉన్నది. తగినంత కర్బనం ఉన్న ఉక్కును ఎర్రగా కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది. ఆ తరువాత మరల కొంచెం కాచి, లేత గడ్డిపోచ రంగు వచ్చే వేళకు ఆపితే గట్టిదనంతోపాటు విరగని గుణం వస్తుంది. దీనినే మన కమ్మరులు పదును పెట్టుట అంటారు. నీలిరంగు దాకా పోనిస్తే అంచు మెత్తబడుతుంది. కర్బనం తక్కువైన మెత్తని ఇనుముకు ఎంత కాల్చినా ఈ గుణం రాదు. దానికి పైన మెరుగుపెట్టి ఫోటో తీస్తే మేలైన ఉక్కుకూ దానికీ తేడా కనిపించదు. చేతిలో ఉన్నప్పుడు కొత్త ఆకురాయిని అంచు ప్రక్కగా ఒకసారి లాగి చూడవచ్చు. జారిపోతే గట్టి ఉక్కు, కొరికితే మెత్తనిది. చిత్రిక విషయమూ ఇంతే. దాని అడుగు భాగం సమతలంగా ఉన్నదా లేదా అన్నది మూలమట్టం ఆనించి వెలుగుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది. రంపం పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు సమంగా వంగియున్నవా అని కంటితో వారగా చూడవలెను. ఈ పరీక్షలు చేయనిచ్చే దుకాణం వీధి చివరనే ఉంటుంది గాని ఫోనులో ఉండదు.

అయితే స్థానిక వర్తకుణ్ణి ఆకాశానికెత్తుట మా ఉద్దేశం కాదు. అతని లోపాలు మనకు తెలియనివి కావు. ధర చీటీ ఉండదు. మనిషిని బట్టి, మాటను బట్టి ధర మారుతుంది. మన ఊళ్లలో చిత్రిక అనేదానిని ఇక్కడ రందో అంటారు, రంపాన్ని కర్వత్ అంటారు. కొత్తగా వచ్చినవాడు ఆ పేర్లు తెలియక వ్రేలు చూపి అడిగేసరికి అతడు కొత్తవాడని వర్తకునికి తెలిసిపోతుంది. బిల్లు అడిగితే పన్ను కలుస్తుందని బెదిరింపు. అన్నిటికీ మించినది ఉద్దర ఖాతా. చేతిలో డబ్బు లేనినాడు వస్తువు ఇచ్చేవాడు వాడొక్కడే అన్నది నిజం. కాని ఖాతా తీరేవరకు మరొక దుకాణం గడప తొక్కలేకపోవుట కూడా నిజమే.

ఫోనులో కొనుటలో ధర ముందుగానే తెలుస్తుంది, నాలుగు చోట్ల పోల్చవచ్చు. కొన్న ఆధారం మిగులుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. మరలు, గరుకు కాగితం, రంధ్రపు పుల్లలు వంటి తరిగిపోయే సామానుకూ, తయారీ సంఖ్యా పూచీకార్డూ గల విద్యుత్ యంత్రాలకూ ఈ మార్గం తరచుగా మేలు. అక్కడ కూడా రెండు ఉచ్చులను గుర్తుంచుకొనవలెను. బ్యాటరీ యంత్రం చౌకగా కనిపిస్తే, అది బ్యాటరీ, ఛార్జరు లేని ఒట్టి మొండెం కావచ్చు. విదేశీ సరకు అయితే వోల్టేజి చూడవలెను. మన ఇళ్లలో ప్రవహించేది 230 వోల్టులు. అమెరికా కొరకు 120 వోల్టులకు చేసిన యంత్రాన్ని ఇక్కడ తగిలిస్తే కాలిపోతుంది.

మరొక చిక్కు వలస కార్మికునికే ప్రత్యేకం. ఒక గదిలో ఎనిమిదిమంది ఉండి పగలంతా పనిలో ఉండేవాడు సరకు అందుకొనుటకు, తిప్పి పంపుటకు ఎప్పుడు ఇంట ఉంటాడు? తన ఫోను లేక గుత్తేదారు ఫోనుతో తెప్పించుకుంటే, తిరిగి వచ్చే సొమ్ము గుత్తేదారు ఖాతాలో పడుతుంది. ఆ తరువాత అది కూలిలో కలిసి మాయమవుతుంది.

చట్టం మాట చెప్పవలసియున్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చినది. వ్యాపారం కొరకు కొన్నవాడు వినియోగదారు కాడని అందులో ఉన్నది. ఈ మాట పట్టుకొని "నీవు పని కొరకు కొన్నావు, నీకు హక్కు లేదు" అని వర్తకులు దబాయించవచ్చు. అది తప్పు. స్వయంఉపాధి ద్వారా జీవనం గడుపుకొనుటకే కొన్న వస్తువు వ్యాపారపు కొనుగోలు కాదని ఆ చట్టమే వివరించినది. కనుక సొంత ఉలితో బ్రతికే వడ్రంగి వినియోగదారుడే. 5 లక్షల రూపాయల లోపు వస్తువుపై ఫిర్యాదుకు రుసుము లేదు. తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం సూరత్‌లోనే దావా వేయవచ్చునన్నమాట. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెల లోపల పరిష్కరించవలెను. లోపం గల వస్తువునూ, నకిలీ వస్తువునూ వెనుకకు తీసుకొననని అమ్మకందారు అనరాదు. వస్తువు ఏ దేశంలో తయారైనదో చూపవలెను. జాతీయ సహాయవాణి సంఖ్య 1915. వీటన్నిటికీ మూలం బిల్లు. వీధి దుకాణంలోనైనా బిల్లు లేని వస్తువు కొన్నవాడు ఈ హక్కును చాలావరకు అక్కడే వదులుకొని వస్తున్నాడు.

ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. 5 నుండి 7 రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఎలక్ట్రానిక్ వోచరు, 5 శాతం వడ్డీపై మొదట లక్ష, తరువాత 2 లక్షల వరకు హామీ లేని రుణం అందులో ఉన్నవి. కుటుంబానికి ఒక్కరికే అర్హత. మొదటి తనిఖీ గ్రామపంచాయతీ లేదా పురపాలక సంస్థ చేస్తుంది. పేరు ఊరిలో, పని సూరత్‌లో ఉన్న మనవారు ఇక్కడనే తడబడుతున్నారు. వోచరు నగదు కాదు, దానితో ఉద్దర ఖాతా తీరదు. అయినా వచ్చేదానిని వదులుకొనరాదు.

కొందరు మిత్రులు ఫోను బేరాన్ని బహిష్కరించవలెనంటున్నారు. మేము అంగీకరించము. ఆ పెట్టెను మండుటెండలో మోసుకొని వచ్చే యువకుడు కూడా కూలివాడే. అతని భద్రత ప్రశ్న వేరుగా, గట్టిగా లేవనెత్తవలసినదే గాని మన ఉలి కొనుగోలుతో తేలేది కాదు.

మా సూచన వేరు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది, అందులో నేతగాళ్లు ఎందరో, పిండి, వెన్న, చక్కెర కలిసి కొనుటకు సొంత దుకాణం పెట్టుకున్నారు. మనమూ అంతటి దుకాణం పెట్టకపోయినా పదిమంది వడ్రంగులు ఒక్క జాబితా వ్రాసి, ఫోనులోని ధరను చూపి, ఒకే వర్తకునితో బేరం చేయవచ్చు. పది ఉలులు ఒక్కసారిగా కొనేవానికి బిల్లు ఇవ్వననే వర్తకుడు అరుదు. మెత్తని ఉలి వస్తే మార్చి ఇవ్వవలెనన్న షరతును బిల్లు వెనుక వ్రాయించుకొనవలెను. ఉద్దర అవసరమైనవారికి సంఘం నిధి నుండి ముందుగా ఇచ్చి, వారం వారం కొంత చొప్పున రాబట్టవచ్చు. దానికి ఇద్దరు సభ్యులు లెక్క చూడవలెను. ఆ ఇద్దరిలో ఒకరైనా మేస్త్రీ బంధువు కాకుండుట మంచిది.

వచ్చే ఆదివారం జాబితా వ్రాయుట మొదలవుతుంది. ఉలి ఎన్ని అంగుళాలదో, చిత్రిక ఇనుపదా కొయ్యదా అన్నది స్పష్టంగా చెప్పవలెను. కొత్త ఆకురాయి ఒకటి మేము తెస్తాము.