వారసత్వంలో దాచిన పేరు

సర్వస్తోత్రాలు సమస్త లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక. అమ్మా బాద్!

ధార్మిక సోదరులారా!

ఇంటి నుండి జనాజా లేచిన తరువాత ఆ ఇంటివారికి రెండు పరీక్షలు ఎదురవుతాయి. మొదటిది దుఃఖం. రెండవది తర్కా, అంటే మరణించినవారు విడిచివెళ్లిన ఆస్తి. మొదటి పరీక్షలో సబ్ర్‌తో నెగ్గినవారు సైతం రెండవదానిలో ఓడిపోవడం మేము అనేక పర్యాయాలు చూశాము. నేడు ఆ రెండవ పరీక్షలోని ఒక కఠినమైన ఘట్టాన్ని మీ ముందుంచదలచాము: తండ్రి కన్నుమూసిన తరువాత ఆయనకు మరొక సంతానం ఉన్నదని తెలియడం.

కొంతకాలం క్రిందట ఒక కుటుంబంలో ఇదే జరిగింది. ఊరు, పేరు చెప్పము. వారి అనుమతితోనే ప్రస్తావిస్తున్నాము. తండ్రి లారీల వ్యాపారి, నమాజీ, పదిమందికి సాయపడిన మనిషి. ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఆయన మరణించిన పదవనాడు వేరొక పట్టణం నుండి పందొమ్మిదేళ్ల అమ్మాయి తన మేనమామతో మస్జిద్‌కు వచ్చింది. ఆస్తి మాట ఎత్తలేదు. “మౌల్వీ సాబ్, మా అబ్బా ఖబర్ ఎక్కడుంది?” అని మాత్రమే అడిగింది. ఖబ్రస్తాన్ గేటు బయటనే నిలబడి, దుఆ చేసుకుని వెళ్లిపోయింది. మేనమామ నికాహ్‌నామా ప్రతి మా చేతిలో పెట్టాడు. ఆ పట్టణపు ఖాజీ గారి రిజిస్టరుతో సరిచూశాము. నికాహ్ తేదీ, మహ్ర్, సాక్షుల సంతకాలు అన్నీ సరిగానే ఉన్నాయి.

వారం తిరగకముందే పెద్ద కుమారుడు మా వద్దకు వచ్చాడు. కుటుంబ సభ్యుల ధృవపత్రం కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెడుతున్నామని, తండ్రికి ముగ్గురే సంతానమని మస్జిద్ తరఫున వ్రాసి ఇవ్వమని కోరాడు. “హజ్రత్, అబ్బా పరువు పోతుంది. అమ్మీ తట్టుకోలేదు” అన్నాడు. సత్యం చెప్పాలంటే మేమూ తడబడ్డాము. ఆ తండ్రి మాకు మిత్రుడు. సాటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడని ఇదే మింబర్ మీద నుండి బోధించినవారము మేమే. కాని కలం పట్టినప్పుడు ఒక ప్రశ్న అడ్డువచ్చింది: మేము కప్పబోతున్నది తండ్రి లోపాన్నా, బిడ్డ హక్కునా?

సోదరులారా! ఈ రెంటి మధ్య భేదాన్ని గుర్తించండి. నికాహ్‌ను ప్రకటించమన్నది దైవప్రవక్త (స) బోధ. భార్యల మధ్య న్యాయం చేయలేమన్న భయం ఉంటే ఒక్కరితోనే సరిపెట్టుకోవాలన్నది నిసా సూరా 3వ ఆయతు ఆదేశం. ఆ తండ్రి దాచినదాని లెక్క ఆయన తన ప్రభువు ఎదుట చెప్పుకుంటాడు. ఆయన మగ్‌ఫిరత్ కోసం దుఆ చేయడం మన పని. వీధిలో చర్చ పెట్టడం మన పని కాదు. అయితే ఆ అమ్మాయి ఎవరి లోపమూ కాదు. ఆమె వారసురాలు.

మన ఫుఖహాలు తోబుట్టువులను మూడు విధాలుగా పేర్కొన్నారు. తల్లీ తండ్రీ ఒక్కరే అయినవారు ‘అయినీ’, తండ్రి మాత్రమే ఒక్కరైనవారు ‘అల్లాతీ’, తల్లి మాత్రమే ఒక్కరైనవారు ‘అఖ్యాఫీ’. అయితే తండ్రి ఆస్తి పంచేటప్పుడు ఏ భార్య బిడ్డ అన్న భేదం లేదు. బిడ్డలందరూ ఆయన బిడ్డలే. ఆ కుటుంబం లెక్కే చూడండి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లించని మహ్ర్, మూడవ వంతుకు మించని వసీయత్ తీరిన తరువాత 48 లక్షలు మిగిలాయనుకుందాం. తల్లిదండ్రులు ముందే గతించారు. నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం భార్యలకు ఎనిమిదవ వంతు, అంటే 6 లక్షలు. ఇద్దరికీ చెరి మూడు. మిగిలిన 42 లక్షలలో కుమారులకు 14 చొప్పున, కుమార్తెలకు 7 చొప్పున. పేరు దాచినవారు కాజేసేది ఈ ఏడు లక్షలనూ, ఆమె తల్లి మూడు లక్షలనూ. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారు కడుపులో అగ్నిని నింపుకుంటున్నారని అదే సూరా 10వ ఆయతు హెచ్చరించింది.

మక్కా విజయ సంవత్సరం జరిగిన ఒక ఉదంతాన్ని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. జమ్అ అనే ఖురైషీ పెద్దమనిషి మరణించాడు. ఆయన బానిస స్త్రీకి పుట్టిన బాలుడు తన అన్న ఉత్బా కుమారుడని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వాదించారు. జమ్అ కుమారుడు అబ్ద్ (రజి) లేచి, వీడు నా సోదరుడు, నా తండ్రి ఇంట పుట్టినవాడు అన్నారు. పోలిక ఉత్బాది. అయినా ప్రవక్త (స) తీర్పు అబ్ద్ పక్షాననే వచ్చింది. వంశం పోలికతో కాక దాంపత్య బంధంతో నిర్ణయమవుతుందని స్పష్టమైంది. పోలిక వల్ల కలిగిన సందేహం దృష్ట్యా జమ్అ కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ సౌదా (రజి)ను మాత్రం ఆ బాలుని ఎదుట పర్దా పాటించమన్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. సోదరుడు ఒకడు పెరిగితే అబ్ద్ వాటా తరుగుతుంది. అయినా “కాదు” అనడానికి కాక, “నా సోదరుడే” అనడానికి ఆయన లేచి నిలబడ్డారు.

మన హనఫీ ఫిఖ్హ్‌లో మరొక మాట ఉంది. మిగిలిన వారసులు కాదన్నా, ఒక్కడు మాత్రం “ఇతను నా సోదరుడే” అని ఒప్పుకుంటే, ఆ ఒక్కని మాటతో వంశం రుజువు కాకపోయినా, ఒప్పుకున్నవాడు తన వాటాలో నుండి పంచి ఇవ్వవలసిందే. నాలుకతో ఒప్పుకున్నదానిని చేతితో చెల్లించాలి.

నికాహ్ లేకుండా పుట్టిన బిడ్డ అయితే? అట్టి బిడ్డకు తల్లి నుండే వారసత్వం చేరుతుంది, తండ్రి నుండి చేరదు. కాని ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ సూత్రం. పంపకం వేళ వచ్చిన వారసులు కాని బంధువులకు, అనాథలకు, పేదలకు కూడా కొంత ఇచ్చి మంచిగా మాట్లాడమన్నది నిసా 8వ ఆయతు. తలుపు వేయమని ఎక్కడా లేదు.

తల్లిదండ్రులు పోయిన తరువాత వారికి చేయగల మేలు ఏదైనా మిగిలి ఉందా అని ఒక సహచరుడు ప్రవక్త (స)ను అడిగారు. వారి కోసం దుఆ చేయడం, మగ్‌ఫిరత్ కోరడం, వారి మాట నెరవేర్చడం, వారి స్నేహితులను గౌరవించడంతోపాటు, కేవలం వారి ద్వారానే ఏర్పడిన బంధుత్వాన్ని కలపడం అని ఆయన తెలిపారు. సవతి చెల్లెలితో మీ బంధుత్వం మరెవరి ద్వారా ఏర్పడింది? ఆ ఒక్క తండ్రి ద్వారానే కదా! ఆమెను కాదన్నవాడు తండ్రి పరువు కాపాడలేదు. తండ్రికి చేయవలసిన మేలును ఆపాడు.

మేము ఆ పత్రం వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదో ఈ మాటలన్నీ ఆ కుమారునికి చెప్పాము. అతను కోపంగా వెళ్లాడు. తొమ్మిదవ రోజు ఫజ్ర్ తరువాత తిరిగివచ్చి కాగితం చూపాడు. అందులో నలుగురు బిడ్డల పేర్లు, ఇద్దరు భార్యల పేర్లు ఉన్నాయి. అతని తల్లి మాత్రం నేటికీ ఆ అమ్మాయిని ఇంటికి పిలవలేదు. ఆమెను మేము తొందరపెట్టము. హక్కు వెంటనే చెల్లించాలి. గాయం మానడానికి సమయం కావాలి. తండ్రి ఒక్కరే అయిన అన్నలు బావిలో త్రోసినా, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వారిని క్షమించిన దినం ఎన్నో ఏళ్ల తరువాతనే వచ్చింది.

చివరగా, ఈ సఫ్‌లలో కూర్చున్న తండ్రులతో ఒక మాట. మీ ఇంటివారికి తెలియని భార్య గాని, బిడ్డ గాని ఉంటే, ఈ రోజే చెప్పండి. వ్రాసి, సాక్షుల ఎదుట ఉంచండి. వసీయత్ చేయవలసినది ఏదైనా ఉన్న ముస్లిం దానిని వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (స) బోధించారు. మీరు చెప్పవలసిన మాటను, మీ బిడ్డ ఖబ్రస్తాన్ గేటు దగ్గర నిలబడి చెప్పుకోవలసిన స్థితి తేకండి.

ఓ అల్లాహ్! మా మృతులను క్షమించు. వారు తెంచిన బంధాలను మా చేతులతో కలుపు. ఇతరుల హక్కు మా ఇంట ఉండగా మమ్మల్ని నీ వద్దకు పిలవకు. ఆమీన్.